ముందు మూడు, వెనక ఐదు

నయోరో, నవంబరు 16

తొషీకి,

ఇక్కడ మంచు నిలవడం మొదలైంది. నేను కులాసా. నువ్వూ మా మరదలు మసుమీ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఉత్తరానికి చెయ్యాల్సిన మర్యాద అంతా చేసేశాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. కదొవాకి మన కొట్టుకి వచ్చాడు.

అవును, వాడే. మంగళవారం మధ్యాహ్నం తలుపు జరిపి లోపలికి తల పెట్టి, "ఇది ఉబుకతా గారి కొట్టే కదండీ?" అన్నాడు. బయట మూరెడేసి అక్షరాలతో బోర్డు ఉంది. మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, జుట్టు పల్చబడింది, మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజుల్లో నేను వెనక గదిలో కూర్చుని బూట్ల లోపలి తొడుగులు కుట్టేదాన్ని, నన్నెవరు చూశారు?

ఎవరు వచ్చినా వాళ్ళు విడిచిన చెప్పుల్ని గుమ్మం వైపు తిప్పి పెట్టడం నాన్న మనకి నేర్పిన అలవాటు. ఇతనివి తిప్పలేదు. వెళ్ళేటప్పుడు ఒంటికాలి మీద గెంతుకుంటూ తొడుక్కున్నాడు. చాలా చిన్న పగే, ఒప్పుకుంటాను. కానీ ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఫిబ్రవరిలో మన కొండ మీద జరిగే స్నోబోర్డు ప్రాంతీయ పోటీలో చివరిసారి బోర్డు ఎక్కి దిగుతాడట. గట్టి బూట్లు వేసుకుంటే పావుగంటకే కాలు మంటెక్కుతోందట. ఐదుగురి దగ్గరికి తిరిగాడు, ఐదుగురూ ఇక మెత్తటి బూట్లు వేసుకుని సరదాగా జారుకో, మంచులో పాతిన గేట్ల మధ్య వేగంగా దిగే ఆట నీకెందుకు అన్నారు. ఒక పెద్దాయన మాత్రం, నీ కాలికి బూటు సర్దగలిగేది ఉబుకతా కూతురొక్కతే అన్నాడట. చూడు, పద్నాలుగేళ్ళ క్రితం ఎవరి చేతుల్లో కాళ్ళు పెట్టొద్దని పత్రికలో చెప్పాడో, ఆ ఇంటి గుమ్మమే ఎక్కాల్సి వచ్చింది.

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. జాతీయ పోటీలో మూడో గేటు దగ్గర పడిపోయి, కుంటుకుంటూ వెళ్ళి విలేఖరితో అన్నాడు: "ఆ ముసలాయన చేతులు వణుకుతున్నాయి. ఇంక ఎవరూ ఆయన చేతుల్లో కాళ్ళు పెట్టకండి." వసంతం వచ్చేసరికి కొట్టు మూతపడింది. ఆ తర్వాత ఆరు చలికాలాలు నాన్న కొండ కింద కార్లు నిలిపే చోట ఎర్ర కర్ర ఊపుతూ నిలబడ్డాడు. మన పాత ఖాతాదార్ల కార్లనే ఆయన అటు పో, ఇటు పో అని నడిపించాడు. కొందరు అద్దం కూడా దించేవాళ్ళు కాదు. ఆ ఎర్ర కర్ర పట్టుకునే పోయాడు.

నేను కదొవాకి పని ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నువ్వే ఊహించుకో. ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నువ్వు "ఊఁ" అంటావు, ఆ "ఊఁ"కి అర్థమేమిటో నాకు ఎన్నడూ తెలిసి చావదు. కాగితం మీద ఊఁకొట్టలేవు కదా, రాయి.

అక్క

*

నీగాతా, నవంబరు 23

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఇంకా వానే. మసుమి నీకు నమస్కారాలు చెప్పమంది. నువ్వు పంపిన ఉప్పు చేప అయిపోయిందని కూడా రాయమంది, సిగ్గు లేకుండా.

అక్కా, ఆ పని వదిలెయ్. నువ్వు ఏమి ఆలోచిస్తున్నావో నాకు తెలుసు. బూటు లోపల ఎక్కడో ఒక గరుకు వదిలేస్తావు, లేదా మడమ దగ్గర కాస్త వదులు ఉంచేస్తావు. గంటకి ఎనభై కిలోమీటర్ల మీద దిగే మనిషికి అది మోకాలు పోయే పని. నేను రోజూ నడవలేని పిల్లల కాళ్ళకి కట్టే ఆధారాలు తయారు చేసే మనిషిని.

అది కాకపోయినా సరే, పద్నాలుగేళ్ళయింది. నాన్న పోయి ఎనిమిదేళ్ళు. కొట్టు నువ్వు మళ్ళీ తెరిచావు, నడుస్తోంది. ఇప్పుడు పాత గొడవ తవ్వితే ఎవరికి లాభం? వేరే పనులు ఎక్కువగా ఉన్నాయని చెప్పి అతన్ని పంపించెయ్. నా మాట విను, ఒక్కసారికి.

తొషి

*

నయోరో, డిసెంబరు 4

తొషీకి,

నన్ను ఏమనుకుంటున్నావురా నువ్వు? బూటులో గరుకు వదిలే మనిషినా నేను? అలాంటి పని చేస్తే అతను పడతాడు, పడి మళ్ళీ అదే మాట అంటాడు: ఉబుకతా వాళ్ళ బూట్లు. ఆ మాట రెండోసారి వాడి నోటికి అందించేంత తెలివితక్కువదాన్ని కాను.

నా పగ వేరే. వాడికి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగనంత హాయైన బూట్లు తయారు చేస్తాను. ఎక్కడా నొక్కవు, ఎక్కడా జారవు, విప్పబుద్ధి కాదు. అలాంటి బూట్లు వేసుకుని, ఈ వయసులో, కుర్రవాళ్ళ పక్కన దిగి, ఓడిపోతాడు. అప్పుడు విలేఖరి వచ్చి ఎందుకు ఓడిపోయారని అడిగితే వాడు ఏమని చెప్పాలి? చెప్పడానికి వాడికి ఒక్క సాకు కూడా మిగలకూడదు. నాన్న దగ్గర వాడు తీసుకున్నది పేరు, నేను వాడి దగ్గర తీసుకోబోయేది సాకు.

పని మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ ఇరవై ఏడున్నర సైజు వేసుకుంటున్నాడు. కాలు నొప్పెడుతోందని పెద్ద బూటు కొన్నాడు, పెద్ద బూటులో కాలు జారుతోందని బకిళ్ళు బిగించాడు, బిగిస్తే ఇంకా నొప్పెట్టింది, ఇంకా పెద్దది కొన్నాడు. పెద్దవాళ్ళు కూడా ఇంతే తెలివిగా ఉంటారు. లోపలి తొడుగు తీసేసి బయటి ప్లాస్టిక్ డొప్పలో ఉత్త కాలు పెట్టించి, మడమ వెనక నా వేళ్ళు దూర్చి చూశాను. మూడు వేళ్ళు పట్టాయి. ఒకటిన్నర వేలు పట్టాలి. ఇరవై ఆరున్నరకి దించాను. "ఇది నాకు పట్టదండీ" అన్నాడు. "పడుతుంది, కూర్చోండి" అన్నాను.

చీలమండ ఎముక మీద నా లిప్‌స్టిక్ రాసి, ఆ కాలిని డొప్పలో పెట్టించాను. ఎర్ర మచ్చ ఎక్కడ అంటిందో అక్కడ వేడి చేసి లోపలి నుంచి బయటికి ఉబ్బించాను. ఆ తర్వాత తొడుగుని పొయ్యిలో కాచి, మెత్తగా ఉన్నప్పుడే తొడిగి, మోకాళ్ళు వంచి నిలబడమన్నాను. పది నిమిషాలు కదలొద్దన్నాను. ఆరో నిమిషంలో ఆ మనిషి కళ్ళు మూసుకున్నాడు. నొప్పి లేని చోట నిలబడితే మనుషులకి నిద్ర ముంచుకొస్తుందని నాన్న అనేవాడు. నేను చూస్తూ పళ్ళు నూరుకున్నాను.

ఇంక బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగుల పని మిగిలింది. పాత కొలతలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, మర్నాడు ఒక సంచి తెచ్చి పెట్టాడు. ఆ జాతీయ పోటీలో వాడిన బూట్లూ, బైండింగులూ! ఆ రోజు బోర్డు నుంచి ఊడదీసి కొట్టంలో మేకుకి తగిలించాడట, మళ్ళీ ముట్టుకోలేదట. వాటిమీద కోపం పోక దాచుకున్నానన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒకే వస్తువు మీద ఇద్దరం కోపం దాచుకున్నాం. ఇంకా విప్పలేదు. వచ్చే వారం తీరిగ్గా చూస్తాను.

అక్క

*

నీగాతా, డిసెంబరు 9

అక్కా,

వెంటనే రాస్తున్నాను. ఆ పాత బైండింగులు విప్పకు. పద్నాలుగేళ్ళ ప్లాస్టిక్, విప్పితే పగిలిపోతుంది, అప్పుడు కొలతలు కూడా పోతాయి. వాటిని అలాగే పెట్టెలో పెట్టి నాకు పంపించు. ఇక్కడ మా దగ్గర కొలిచే యంత్రాలు ఉన్నాయి, విప్పకుండానే కొలిచి నీకు అంకెలు రాసి పంపుతాను. పోస్టాఫీసుకి వెళ్ళడం నీకు కష్టమైతే ఇంటికే వచ్చి తీసుకెళ్ళమని పార్సిలు వాళ్ళకి నేనే చెబుతాను.

తొందరలో ఉన్నాను. మళ్ళీ వివరంగా రాస్తాను.

తొషి

*

నయోరో, డిసెంబరు 15

తమ్ముడికి,

ఎంత శ్రద్ధరా నీకు! పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా కొట్టు పని గురించి అడగనివాడివి, ఇప్పుడు పార్సిలు వాళ్ళని ఇంటికి పంపిస్తానంటున్నావు.

కంగారుపడకు. సంచి అరమీద అలాగే ఉంది. నువ్వు వద్దంటే ఎందుకు విప్పుతాను? పంపడం మాత్రం కుదరదు, అది కదొవాకి సొత్తు. నాకు ఒకటే కావాలి. ఆ బైండింగులు బిగించిన రోజు నువ్వు కొట్టులోనే ఉన్నావు కదా. స్కీల మరమ్మతు షెడ్డు మానేసి ఇంటికొచ్చి అప్పటికి రెండు నెలలు. ఎవరు బిగించారు, ఎలా బిగించారు, నీకు గుర్తున్నంత రాయి. నిదానంగా ఆలోచించుకునే రాయి. నేను దాన్ని చూసుకుని కొత్తవి బిగిస్తాను. నీ మాట మీదే ఆధారపడుతున్నాను.

గుమ్మడికాయ ఉడికించాను, నువ్వుంటే బాగుండేది. ఉప్పు చేప విడిగా పంపాను, మసుమికి చెప్పు.

అక్క

*

నీగాతా, డిసెంబరు 22

ప్రియమైన అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే ఈ మాట నాతోనే పోయేది.

నాన్నే బిగించాడు. పోటీకి ముందు రోజు మధ్యాహ్నం, కిటికీ దగ్గరి బల్ల మీద. నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతులు వణుకుతున్నాయి అక్కా. మర రెండుసార్లు కింద పడింది. నేను చేస్తానని అనబోయి ఊరుకున్నాను, ఆయనకి చిన్నతనంగా ఉంటుందని. ఏ మర ఎక్కడ పెట్టాడో నాకు సరిగ్గా గుర్తులేదు, అయితే ఎక్కడో పొరపాటు జరిగిందని మాత్రం ఆ రోజే అనిపించింది. కదొవాకి అన్నది మర్యాదగా లేదు కానీ, అబద్ధం కాదు. నీకు నాన్న మీద ఉన్న ప్రేమ చూసి ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను. అది నీ మీద జాలే తప్ప వేరే కాదు.

నిజానికి నేను దాన్ని వృథా పోనివ్వలేదు. ఇక్కడి శిక్షణ సంస్థలో ఏటా మార్చి పన్నెండున కొత్తవాళ్ళకి ఉపన్యాసం ఇస్తానని చెప్పాను కదా. ప్రతిసారీ పేరు చెప్పకుండా నాన్న కథే చెబుతాను. చేతులు వణకడం మొదలైన పనివాడు పనిముట్లు కింద పెట్టెయ్యాలి, అభిమానం అడ్డొచ్చి పెట్టకపోతే ఎదుటివాడి కాలు పోతుంది అని. విద్యార్థులు కళ్ళు తుడుచుకుంటారు. నాన్న తప్పు కూడా నలుగురికి పనికొస్తోందని తృప్తి పడుతుంటాను.

కాబట్టి పాతవాటిని పక్కన పడేసి నీ పద్ధతిలో కొత్తవి బిగించు. కదొవాకిని క్షమించెయ్. కొత్త సంవత్సరం నీకు చల్లగా ఉండాలి.

నీ తొషి

*

నయోరో, జనవరి 6

తొషిమిచీ,

కొత్త సంవత్సరం పండగ మూడు రోజులూ కాగితం ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చేతులు వణికాయి మరి. నాన్నవి కావు, నావి.

బైండింగులు నేను డిసెంబరు పన్నెండునే విప్పాను. వద్దని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే. నువ్వు నోరు మూసుకుని ఉంటే నేను పైనుంచి కొలిచి ఊరుకునేదాన్ని. ఆ తర్వాత రాసిన ఉత్తరంలో విప్పలేదని అబద్ధమాడాను. నువ్వు నిజం చెప్పడానికి ఒక అవకాశం ఇద్దామని ఆడిన అబద్ధం అది. గుమ్మడికాయ కూడా ఉడికించలేదు.

మొదట మరలు. మొత్తం పదహారు. పదహారింటికీ చుట్ల మధ్య పసుపుపచ్చ జిగురు గట్టిపడి ఉంది. జిగురు ఎవరు పెడతారు తొషిమిచీ? స్కీ వాళ్ళు పెడతారు. స్కీలో మర చెక్కలోకి దిగుతుంది, నీళ్ళు పోకుండా జిగురు కావాలి. బోర్డు బైండింగులో మర ఇనుములోకి దిగుతుంది, జిగురుతో పనేమీ లేదు. నాన్న జన్మలో ఒక చుక్క పెట్టలేదు. స్కీ షెడ్డు నుంచి వచ్చి రెండు నెలలైనవాడు ఈ కొట్టులో ఒక్కడే ఉన్నాడు.

రెండోది చీటీ. నాన్న చీటీల పెట్టె నేను పారెయ్యలేదు. కదొవాకి చీటీ మీద నాన్న రాత: "ముందు మూడు, వెనక ఐదు. పదకొండున బిగించి ఉంచాలి, పన్నెండు ఉదయం తీసుకెళతాడు." స్కీ వాడికి కుడి కాలు, ఎడమ కాలు ఉంటాయి. బోర్డు మీద పక్కకి తిరిగి నిలబడేవాడికి ముందు కాలు, వెనక కాలు ఉంటాయి. ముందు కాలికి వేళ్ళ కింద మూడు మిల్లీమీటర్ల ఎత్తు, వెనక కాలికి మడమ కింద ఐదు. ఈ ఊళ్ళో బోర్డు ఎక్కిన ఎవరికైనా అదే అర్థమవుతుంది. నువ్వు స్కీ వాడిలా చదివావు. ముందు అంటే బూటు ముందు భాగం, వెనక అంటే బూటు వెనక భాగం అనుకున్నావు. రెండు కాళ్ళకీ వేళ్ళ కింద మూడు, మడమ కింద ఐదు పెట్టి బిగించావు. ముందు కాలి వేళ్ళు లేవాల్సింది పోయి మడమే రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. దాంతో ముంగాలి ఎముక వెళ్ళి బూటు అంచుకి రాసుకుంది. నొప్పి బూటులో తెలిసింది, తప్పు బూటు కింద ఉంది. పాపం అతనికి మాత్రం ఏం తెలుసు, బూట్లు అన్నాడు.

మూడోది, పదకొండో తారీఖు. ఆ రోజు నాన్న కిటికీ దగ్గరి బల్ల ముందు లేడు. అసాహికావాలో పెద్దత్త అంత్యక్రియల్లో నా పక్కన కూర్చుని ఉన్నాడు. పన్నెండు సాయంత్రానికి గానీ మేం తిరిగి రాలేదు. ఏ రోజు బిగించారో నాకు ఇన్నేళ్ళూ తెలియదు కాబట్టి నీ దాపరికం చెల్లుబాటయింది. ఇక ఆ చేతులంటావా, పోయే ముందు వారం దాకా సూదిలో దారం ఆయనే ఎక్కించుకున్నాడు.

నాలుగోది రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది. ఆ పోటీ తర్వాత కొట్టు మూతపడేదాకా నాన్న రాసిన చీటీలు పంతొమ్మిది ఉన్నాయి. పంతొమ్మిదింటి మీదా "ముందు కాలు", "వెనక కాలు" అని పూర్తిగా రాసి ఉంది. అంతకు ముందు ముప్పై ఏళ్ళలో ఒక్క చీటీ మీద కూడా "కాలు" అన్న మాట లేదు. ఆయనకి తెలుసు. ఎవరు చేశారో తెలుసు, ఎందుకు జరిగిందో తెలుసు. తెలిసి కూడా వెళ్ళి మంచులో ఎర్ర కర్ర పట్టుకు నిలబడ్డాడు.

నేను పద్నాలుగేళ్ళు ఒక పరాయి మనిషిని తిట్టుకుంటూ లేచాను, తిట్టుకుంటూ పడుకున్నాను. ఇదంతా ఎవరి ఖాతాలో వెయ్యను?

ఇత్సుకో

*

నీగాతా, జనవరి 14

అక్కా,

నేనే బిగించాను. ఇంక దాచను.

నాన్న అసాహికావా నుంచి వచ్చి, పోటీ సంగతి విని, నన్ను ఒకటే అడిగాడు: "ముందు అంటే ఏమని చదివావురా?" వేళ్ళ వైపు అని చెప్పాను. చీటీ తీసి మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత అన్నాడు: "అలా రాసింది నేను. ఇంక ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తకు." అంతే. నేను ఆ మాట నిలబెట్టాను అక్కా. కార్లు నిలిపే చోట ఆయన్ని చూడలేకే ఈ ఊరు వచ్చేశాను. నువ్వు కసిగా బతికావు, నేను సిగ్గుతో బతికాను. ఇద్దరిలో ఎవరు సుఖపడ్డారో నువ్వే చెప్పు.

ఉపన్యాసం మొదటి ఏడాది నిజమే చెబుదామని లేచాను. నోరు తెరిచేసరికి కథ అలా మారిపోయింది. అందరూ కంటతడి పెట్టారు. రెండో ఏడాది మార్చడానికి ధైర్యం చాలలేదు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, సంస్థలో చెప్పకు. పిల్లల తల్లులు నా చేతిని నమ్మి వస్తారు. మసుమికైతే అసలే తెలియకూడదు. నన్ను పెళ్ళి చేసుకున్నదే ఆ ఉపన్యాసం విని. తండ్రి తప్పుని కూడా ఇంత గౌరవంగా చెప్పే మనిషి మంచివాడై ఉంటాడనుకుందట.

తొషి

*

నయోరో, ఫిబ్రవరి 20

శ్రీ ఉబుకతా తొషిమిచి గారికి,

పోటీ పద్దెనిమిదిన అయింది. కదొవాకి మొదటి రౌండులోనే ఓడిపోయాడు. ఇరవై ఏళ్ళ వాడొకడు పక్క గేట్ల వరసలో దిగి అర సెకను ముందు వెళ్ళిపోయాడు. మన పత్రిక విలేఖరి మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను కంచె పక్కనే నిలబడి ఉన్నాను. కదొవాకి అన్నాడు: "బూట్లా? నా జన్మలో ఇంత హాయిగా దిగలేదండీ. సాకేమీ లేదు, ఓడింది నేనే."

ఏ మాట వినడం కోసం నేను పద్నాలుగేళ్ళు ఎదురు చూశానో ఆ మాట విన్నాను. అచ్చంగా నేను కోరుకున్నట్టే అన్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. ఆ సంతోషం కూడా నువ్వే తినేశావు.

సాయంత్రం అతను బూట్లు సరిచేయించుకుందామని కొట్టుకి వచ్చాడు, సరిచెయ్యడానికి ఏమీ లేకపోయినా. పదహారు మరలూ పళ్ళెంలో పోసి ముందు పెట్టాను. చీటీ చూపించాను. నీ డిసెంబరు ఉత్తరం, జనవరి ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని లేచి లోపలికి వెళ్ళి నాన్న పటం ముందు కూర్చున్నాడు. అగరుబత్తి పూర్తిగా కాలిపోయినా లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే నేనే రెక్క పట్టుకుని లేపాను.

"చేతులు వణుకుతున్నాయని అన్నాను కదండీ," అన్నాడు. "నేను ఆయన చేతులు చూడనే లేదు. నొప్పికి నోటికొచ్చింది అనేశాను."

అతన్ని నేను క్షమించానని అనుకోకు. ఆ వాక్యం అతనిదే, అది అతను మోయాలి. మొయ్యడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఆ మాట తప్పని పత్రికకి తన పేరుతో రాసి పంపాడు, వచ్చే నెల వస్తుంది. కానీ నొప్పిలో అన్నవాడు వేరు, ఏడాదికొకసారి తీరిగ్గా గొంతు సవరించుకుని చెప్పినవాడు వేరు. నోరు మూసుకోమన్నది నాన్న. చేతులు వణికాయని చెప్పమన్నది ఎవరు? నువ్వు ఊరికే ఉండి ఉంటే, ఆయన మాట కోసమైనా నేనూ ఊరికే ఉండేదాన్నేమో. ఆయన నిన్ను కాపాడితే, నువ్వు ఆయన్ని పాఠం చేసుకుని పేరు తెచ్చుకున్నావు.

మార్చి పన్నెండున ఇద్దరం వస్తున్నాం. ఒతారులో ఓడ ఎక్కుతాం. బైండింగులు కూడా తెస్తున్నాను. ఉపన్యాసం నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు, మేం కూర్చుని వింటాం.

ఉబుకతా ఇత్సుకో

*

నీగాతా, ఫిబ్రవరి 27

అక్కా,

మసుమికి మాత్రం నన్నే చెప్పుకోనివ్వు. పన్నెండు లోపల తప్పకుండా చెబుతాను. ఇంకేమీ అడగను.

తొషి

*

నయోరో, మార్చి 16

తొషిమిచీ,

నిన్న ఇంటికి చేరాను. నీకు జ్వరమని అక్కడ చెప్పారు. నీ మాట మన్నించి నేను మసుమికి ముందుగా ఒక్క ముక్క కూడా రాయలేదు. చెప్పి ఉంటావనే అనుకున్నాను.

నలభై మంది దాకా ఉన్నారు హాల్లో. వేదిక మీదికి మసుమి వచ్చింది, చేతిలో నీ కాగితాలు. మా ఆయనకి ఒంట్లో బాగాలేదు, ఉపన్యాసం ఆగిపోకూడదని నన్ను చదవమన్నారు, మన్నించండి అని వంగి నమస్కారం పెట్టింది. నన్ను చూసి మొహం విప్పారింది, తల ఊపి నవ్వింది. అప్పుడే నాకు అర్థమైంది, నువ్వు ఆమెకి ఏమీ చెప్పలేదని. చెప్పకపోవడమే కాకుండా, ఆ అబద్ధాన్ని ఆమె నోటితో చెప్పించడానికి పంపావని.

చదవడం మొదలుపెట్టింది. "ఒక ఊళ్ళో ఒక వృద్ధుడైన పనివాడు ఉండేవాడు. ఆయన చేతులు వణకడం మొదలైంది." మంచి గొంతు ఆమెది. నేను రెండు వాక్యాల దాకా ఓర్చుకున్నాను.

"మసుమీ, ఇంక ఆపమ్మా," అన్నాను లేచి. "ఆ వృద్ధుడు మా నాన్న. ఆయన చేతులు వణకలేదు."

నేనే వేదిక ఎక్కాను. నాకు ఉపన్యాసాలు ఏం వచ్చు? నల్లబల్ల మీద నాన్న రాసినట్టే రాశాను, "ముందు మూడు, వెనక ఐదు" అని. దీన్ని ఎలా బిగిస్తారో చెప్పమన్నాను. సగం మంది నీలాగే చెప్పారు, సగం మంది నాన్నలాగ. వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. కదొవాకి బూట్లు తొడుక్కుని వచ్చి కుర్చీ మీద కూర్చున్నాడు, నేను పాత బైండింగులు రెండు విధాలా బిగించి, వాటి మీద అతన్ని నిలబెట్టి చూపించాను. నీ పద్ధతిలో బిగించినప్పుడు అతని మొహం ఎలా ముడుచుకుందో ముందు బెంచీలవాళ్ళు లేచి వచ్చి మరీ చూశారు. తప్పు ఎవరికైనా జరుగుతుంది, చీటీ రాసేవాడు పూర్తిగా రాయాలి, చదివేవాడు అర్థం కాకపోతే అడగాలి అన్నాను. ఆ తప్పు చేసినవాడి పేరు చెప్పాను. తర్వాత ఆ తప్పు ఎవరి నెత్తిన పెట్టాడో కూడా చెప్పాను. సంస్థ పెద్దాయన చివరిదాకా రాసుకుంటూనే ఉన్నాడు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు.

మసుమి వేదిక పక్కనే నిలబడి అంతా వింది. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నన్ను తిడుతుందేమో అనుకున్నాను, అదీ లేదు.

"వదినా, ఇవాళ మీరు వస్తారని ఆయనకి తెలుసా?" అని అడిగింది.

తెలుసు అన్నాను. నేను ఫిబ్రవరిలోనే రాశానని చెప్పాను. ఆమె చేతిలో నీ కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఒకసారి చూసుకుని, "అయితే తెలిసే నన్ను పంపారన్నమాట," అంది.

సంచిలోంచి నీ ఉత్తరాలన్నీ తీసి చేతికిచ్చాను, నవంబరు దగ్గర్నుంచి ఫిబ్రవరి దాకా. బెంచీ మీద కూర్చుని తారీఖుల వరసలో చదివింది. తనకి నువ్వే చెప్పుకుంటానని రాసిన రెండు ముక్కల ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగింది. అన్నీ మడిచి తన సంచిలో పెట్టుకుంది. "ఇవి నా దగ్గరే ఉంచుకుంటాను వదినా," అంది. సరే అన్నాను. బస్సు దాకా కలిసి నడిచాం. దారిలో నాన్న గురించి అడిగింది, నాకు తోచినంత చెప్పాను.

ఇంటికి రమ్మని పిలిచింది నన్ను. నేను రానన్నాను. నీకు జ్వరం కదా.

ఇక నాకు రాయకు. ఏదైనా చెప్పుకోవాలంటే మసుమితో చెప్పుకో. కానీ జాగ్రత్తగా చెప్పు, నువ్వు ఇంతకు ముందు ఏమేం చెప్పావో అంతా నీ చేతిరాతలోనే ఆమె దగ్గర ఉంది.

ఇత్సుకో